ఆదరణ యను మాట

తెలుగు క్రైస్తవుల యిండ్లలో ఎవరైన మరణించినపుడు, సమాధి కార్యము ముగిసిన కొన్నాళ్ళకు బంధుమిత్రులు ఒకచోట చేరి ప్రార్థించు ఆచారమొకటి కలదు. దానిని ఆదరణ కూటమందురు. కీర్తనలు పాడుదురు, వాక్యభాగమొకటి చదువుదురు, పాదిరిగారు ప్రసంగింతురు, పిమ్మట భోజనములు. దానికి సంతాపసభ యనియో, పరామర్శ యనియో పేరు పెట్టక ఆదరణ యని పెట్టినవారెవరో గాని, వారు భాష మర్మము తెలిసినవారు. ఓదార్చుటలో ఏడ్పు మాన్పించు ప్రయత్నము కొంత కలదు. ఆదరించుటలో అది లేదు. ఎండనపడి వచ్చినవానికి కాళ్ళకు నీళ్ళిచ్చి పీట వేయుట ఆదరణ. దిక్కులేనివానిని చేరదీయుట ఆదరణ. నీ బాధ పోగొట్టెదనని ఆ మాట ఎవరికిని వాగ్దానము చేయదు. బాధలో నిన్ను ఒంటరిగా విడువనని చెప్పును.

తెలుగు బైబిలున యోహాను సువార్తయందు పరిశుద్ధాత్మను ఆదరణకర్త యని పేర్కొనిరి. గ్రీకు మూలమందలి పదమునకు పక్కన నిలుచుటకై పిలువబడినవాడని వ్యుత్పత్తి. న్యాయస్థానములో మన పక్షమున నిలిచి మాటలాడువానికిని ఆ మాట చెల్లును. కష్టకాలమున క్రైస్తవ విశ్వాసము మానవునకేమి యిచ్చునని ఎవరైన అడిగినచో, నా సమాధానము ఆ వ్యుత్పత్తిలోనే యున్నది. కష్టమెందుకు వచ్చెనో అది చెప్పజాలదు. పక్కన నిలుచువానిని చూపును.

ఈ మాట ప్రసంగములు వినుటకు అలవాటుపడిన వారిలో కొందరికి రుచింపకపోవచ్చును. మనలో పెక్కుమందికి కారణములు చెప్పుటయందు మక్కువ మెండు. చేతికంది వచ్చిన బిడ్డ జ్వరముతో పోయినదనగానే, అంతయు దైవ సంకల్పమని ఒకరు, దేవుడు మిమ్ము పరీక్షించుచున్నాడని మరియొకరు, మంచి పూవులనే ఆయన ముందుగా కోసికొనునని వేరొకరు చెప్పకుండ ఉండలేరు. గర్భశోకముతో నున్న తల్లి తలయూపును. వచ్చినవారిని నొప్పింపరాదు గదా! ఆ యింట ఓదార్పు పొందుచున్నది ఆమెయా, లేక చెప్పినవారా యని సందేహము కలుగును. ఎదుటివాని దుఃఖము మనలను భయపెట్టును. దానికొక కారణము చెప్పినచో మన భయము కొంత తీరును.

ఇట్టి వివరణకర్తల కొరకు బైబిలులో ఒక గ్రంథమే కలదు. యోబు గ్రంథమునకు 42 అధ్యాయములు. ఆస్తి పోయి, పదిమంది బిడ్డలు పోయి, ఆరోగ్యము పోయి, బూడిదలో కూర్చుండి చిల్లపెంకుతో ఒడలు గోకుకొనుచున్న యోబును చూచుటకు ఎలీఫజు, బిల్దదు, జోఫరు అను మిత్రులు ముగ్గురు వచ్చిరి. వారు చేసిన మొదటి పని మిక్కిలి యుత్తమమైనది. ఏడు పగళ్ళును ఏడు రాత్రులును అతనితోపాటు నేలమీద కూర్చుండి ఒక్క మాటయైనను పలుకలేదు. అంతటితో లేచి యిండ్లకు పోయినయెడల లోకమున ఆదర్శ మిత్రులుగా నిలిచియుండెడివారు. కాని యోబు తాను పుట్టిన దినమును శపించుట విని వారు సహింపలేకపోయిరి. పాపము లేనిదే శిక్ష రాదు; గనుక నీవేదియో చేసియుందువు; ఒప్పుకొనుము, బాగుపడుదువు. ముగ్గురి వాదమును ఇంతే. అధ్యాయముల తరబడి, మంచి కవిత్వములో, అదే మాటను తిప్పి తిప్పి చెప్పిరి.

విద్యార్థులు ఈ గ్రంథమును చదువునపుడు ఒక విచిత్రమును గమనింపవలెను. మిత్రుల మాటలను విడదీసి గోడమీద వ్రాసి పెట్టినచో నీతివాక్యములవలె నుండును. యోబు మాటలను అట్లు వ్రాసిపెట్టుటకు ఎవరును సాహసింపరు. అతడు దేవునితో వ్యాజ్యెమాడును. నన్నెందుకు గురిగా నిలిపితివని నిలదీయును. అయినను కథాంతమున దేవుని కోపము రగిలినది ఆ నీతిపరుల మీదనే. తన్నుగూర్చి యోబు పలికినట్లు వారు యుక్తముగా పలుకలేదని దేవుడే తీర్పు చెప్పెను. వారి నిమిత్తము యోబు ప్రార్థన చేయవలసివచ్చెను. ఇంకొక సంగతి. సుడిగాలిలోనుండి మాటలాడిన దేవుడు యోబునకు కారణమేమియు చెప్పలేదు. నక్షత్రములను గూర్చి, మంచును గూర్చి, కొండమేకల యీనికను గూర్చి, నిప్పుకోడిని గూర్చి ప్రశ్నించెను. మొదటి అధ్యాయమున పరలోకమందు జరిగిన సంవాదము పాఠకులమైన మనకు తెలియును. యోబునకు మాత్రము చివరివరకు తెలియదు. అతనికి దొరికినది, దేవుడు తనతో మాటలాడెనన్నది. అది చాలునా యని అడుగుటకు మనకు హక్కు కలదు. అది తనకు చాలినదని గ్రంథమున చెప్పిన అధికారము యోబునకే కలదు.

కీర్తనల గ్రంథమున నున్న 150 కీర్తనలలో రమారమి మూడవవంతు విలాపములే యని పండితులు లెక్కింతురు. ఎంతకాలము మరచియుందువు, ఏల ముఖము దాచుకొందువు అను ధోరణి వానిలో సర్వసామాన్యము. పెక్కు విలాపములు ఏడ్పుతో మొదలై స్తుతితో ముగియును. 88వ కీర్తన మాత్రము అట్లు ముగియదు. అది చీకటిలో మొదలై చీకటి యను మాటతోనే ఆగిపోవును. దానిని పరిశుద్ధ గ్రంథమునుండి తొలగింపవలెనని యూదులకుగాని క్రైస్తవులకుగాని తోపలేదు. ఆశ కనబడని మానవుని మాటకు కూడ ప్రార్థనలో స్థానము కలదని అంగీకరించి దానిని అందుంచిరి. ఇది నాకు ఆ గ్రంథమునందలి గొప్ప ధైర్యముగా తోచును.

తెలుగువారికి ఈ ధోరణి క్రొత్తది కాదు. గోలకొండ చెరసాలలో భద్రాచల రామదాసు తన రాముని ఎంత కటువుగా నిలదీసెనో బడిపిల్లలకు సైతము తెలియును. చేయించిన నగల లెక్కలు చెప్పి దెప్పిపొడిచి, మరుసటి చరణమున అబ్బ తాళలేక అంటినని వేడుకొన్న ఆ భక్తుని ఎవరును నాస్తికుడనలేదు. దేవునితో కలహించుటకు ఆయనతో చనువుండవలెను. తనకు సంబంధము లేనివానితో ఎవడు తగవులాడును? మన క్రైస్తవ సంఘములలో ఏడ్చువారిని విశ్వాసము చాలనివారుగా చూచెడు అలవాటొకటి ప్రబలినది. అది ఎక్కడనుండి వచ్చెనోగాని బైబిలునుండి మాత్రము రాలేదు. తెలుగు భక్తి సంప్రదాయము నుండియు రాలేదు.

ఇక క్రీస్తు సంగతి. బేతనియలో లాజరు సమాధియొద్ద ఆయన కన్నీరు విడిచెనని యోహాను వ్రాసెను. మరికొన్ని క్షణములలో లేపబోవుచున్న మిత్రుని కొరకు ఏడ్వనేల యని తర్కించినచో ఉత్తరము లేదు. ఎదుట మార్త, మరియ ఏడ్చుచున్నారు గనుక ఏడ్చెను. గెత్సేమనే తోటలో తనకు వచ్చిన గిన్నె తొలగిపోవలెనని మూడు పర్యాయములు ప్రార్థించెను, అది తొలగలేదు. సిలువమీద 22వ కీర్తన మొదటి మాటతో, దేవుడు తన్ను విడిచెనని కేక వేసెను. దేవుని కుమారుడని తాము నమ్మిన వానినోట ఆ కేకను మత్తయి, మార్కు దాచకుండ వ్రాసిరి. అపొస్తలుడైన పౌలును తన శరీరములోని ముల్లు తీసివేయుమని మూడుమారులు వేడుకొనెను. ముల్లు ఉండిపోయెను, కృప చాలునను మాట దొరికెను. ప్రార్థించినవెంటనే కష్టము తీరునని క్రైస్తవమతము బోధించుననువారు ఈ రెండు ప్రార్థనలను ఏమి చేయుదురో తెలియదు.

ఇంగ్లీషు రచయిత సి. ఎస్. లూయిస్ ఈ విషయమై రెండు పుస్తకములు వ్రాసెను. మొదటిది 1940లో వెలువడిన ది ప్రాబ్లం ఆఫ్ పెయిన్. దయామయుడైన దేవుడు బాధను ఏల అనుమతించునను ప్రశ్నకు అందులో నిర్దుష్టమైన తర్కముతో సమాధానము కూర్చెను. 1960లో ఆయన భార్య జాయ్ క్యాన్సరు వ్యాధితో మరణించెను. ఆ దుఃఖములో నోటుపుస్తకములలో వ్రాసికొన్నదానిని మరుసటి సంవత్సరము మారుపేరుతో ఎ గ్రీఫ్ అబ్జర్వ్‌డ్ అను పేర ప్రకటించెను. అందులో తర్కము కూలినది. తలుపు తట్టినవానికి లోపల గడియ వేసిన చప్పుడు వినబడినట్లు దేవుడు తోచెనని వ్రాసినవాడు, ఇరువది యేండ్ల క్రిందట ఆ సమాధానము లన్నియు వ్రాసినవాడే. రచయిత ఎవరో తెలియక మిత్రులు కొందరు, నీ దుఃఖమునకు పనికివచ్చునని ఆ పుస్తకమునే ఆయనకు సిఫారసు చేసిరట! లూయిస్ విశ్వాసమును విడువలేదు. రెండు పుస్తకములలో ఏది గొప్పదని పండితులు వాదింపవచ్చును. రాత్రి నిద్రపట్టనివాని తలగడ చెంత ఉంచదగినది రెండవదే యని నా యభిప్రాయము.

ఇంతవరకు చెప్పినది గ్రంథముల సంగతి. చదువు రానివారి కష్టమునకు ఈ విశ్వాసము ఏమి చేసెనని అడుగుట న్యాయము. దానికి మన ఒంగోలు సీమలోనే సాక్ష్యము కలదు.

1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును దహించిన కరవును ధాత కరవని మన పెద్దలు చెప్పుకొనిరి. ఆ కాలమున సహాయపు పనులలో మగకూలికి దినమునకొక పౌను ధాన్యమును ఒక అణాయును చాలునని సర్ రిచర్డ్ టెంపిల్ నిర్ణయించెను. అనగా అరకిలోకు తక్కువ గింజలతో మట్టిపని చేయవలెను. కూలి యెక్కువైన జనము సోమరులగుదురని నాటి ప్రభువుల చింత. ఒంగోలులో అమెరికను బాప్తిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866 నుండి పని చేయుచుండెను. ఆయన యౌవనమున సర్వే పని నేర్చినవాడు. ఆ విద్య అక్కరకు వచ్చెను. బకింగుహాము కాలువలో మూడు నాలుగు మైళ్ళ భాగమును త్రవ్వించుటకు ప్రభుత్వమునుండి గుత్త తీసికొని, ఆకలితో వచ్చిన జనమునకు పని కల్పించెను. అందు మాదిగలు అధికము. తక్కిన కులములవారును వచ్చిరి. తెలుగు బోధకులే పనిమీద మేస్త్రీలైరి.

మట్టి తట్టలు దించి జనము సేదదీరు వేళ ఆ బోధకులు వారి నడుమ కూర్చుండి మాటలాడెడివారు. ప్రయాసపడి భారము మోయుచున్న వారిని తనయొద్దకు రమ్మనిన క్రీస్తు పిలుపును వారు పదేపదే చెప్పిరని క్లౌ స్మృతులలో కలదు. ఆ స్మృతులు ఆయన మరణానంతరము 1914లో గ్రంథముగా వెలువడినవి. భారమను మాట మనకు అలంకారము. ఆ కాలువగట్టున అది తలమీది తట్ట. ఆ మాట వినినవారికి వ్యాఖ్యానము అక్కరలేకపోయెను. తరతరములుగా ఊరి వెలుపల నిలిపిన జనమును రమ్మని పిలిచిన దేవుడొకడున్నాడన్నదే వారికి ఆశ్చర్యము. కరవుకంటె పాతదైన గాయమొకటి వారికుండెను. ఆ పిలుపు దానిని తాకెను.

కూటికొరకు మతము మారిరను నింద అప్పుడును కలదు, ఇప్పుడును కలదు. దీనిని దాటవేయుట తగదు. కరవు సాగినంతకాలము, ఏడాదికి పైగా, క్లౌ ఎవరికిని బాప్తిస్మమీయలేదు. ఈ నిందకు వెరచియే యట్లు చేసెను. సహాయపు పనులు ముగిసినవి. 1878 జూలై నెల వచ్చెను. గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లియొద్ద చేరిన జనముతో, ఇక తనచేత ధనసహాయము కాదని చెప్పి తిరిగి పొమ్మనెను. వారు తమ చేతుల బొబ్బలు చూపి, సహాయమడుగుటకు రాలేదనియు, పని చేసికొని బ్రతుకుదుమనియు, మరల పంట పోయినచో చత్తుమనియు, చచ్చినను క్రైస్తవులుగా చావగోరుదుమనియు చెప్పిరట. జూలై 3వ తేదీ ఒక్కదినముననే 2,222 మంది ఆ యేటిలో బాప్తిస్మము పొందిరి. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకొని ఆ కార్యము నడపిరి. ఇదంతయు మిషనరీ పక్షము వ్రాసిన చరిత్రయనుట నిజమే. ఏటిలో దిగినవారు తమ మాట తాము వ్రాసికొనలేదు. వ్రాయుట వారికెవరును నేర్పియుండలేదు. వారందరి మనసులలో ఒకే హేతువుండెనని చెప్పుట సాహసము. ఆకలి, ఆశ, కృతజ్ఞత, భక్తి — మానవుని మనసులో ఇవి వేరువేరు కుండలలో ఉండవు. కష్టములో చేయి పట్టుకొన్నవానిని నమ్ముటలో అవమానమేమున్నదో నిందించువారే చెప్పవలెను.

మతము ప్రజలపాలిటి నల్లమందని 1844లో మార్క్సు వ్రాసెను. హృదయములేని లోకమునకు అది హృదయమని అదే చోట వ్రాసిన సంగతి పెక్కురు మరతురు. ఆయన ఆక్షేపణలో నిజము కలదు. పరలోకమును చూపి ఇహలోకములోని అన్యాయమును సహింపుమను ఓదార్పు ఎక్కడ వినబడినను అది నల్లమందే. ఒంగోలు సీమలో జరిగినది వేరు. చచ్చిన పశువు మాంసమును తినరాదనియు, విగ్రహములకు మ్రొక్కరాదనియు, ఆదివారము పని చేయరాదనియు క్రొత్త విశ్వాసులకు మూడు నియమములుండెను. వినుటకు చిన్నవి. పాటించుటకు ఊరితో పోరు. ఆదివారము పనికి రానన్న మాదిగను, జాతరలో డప్పు కొట్టనన్న మాదిగను ఊరిపెద్దలు ఊరక విడిచిపెట్టలేదు. మత్తులో నున్నవాడు ఇట్టి పోరునకు దిగడు. ఆదరణ పొందినవాడు వెన్ను నిలుపుకొనెను. బిడ్డను బడికి పంపెను. ఆ కదలికలు పుట్టిన సీమలోని వినుకొండలోనే 1895లో గుఱ్ఱం జాషువ జన్మించెను. 1941 నాటి గబ్బిలము కావ్యమున అరుంధతీసుతుడు తన మొఱను కాశీలోని శివునకు పంపెను. 1958లో ఆ కవియే క్రీస్తు చరిత్ర వ్రాసెను. దానికి 1964లో సాహిత్య అకాడమీ పురస్కారము లభించెను. మొఱపెట్టినవాడును, ఆదరించినవానిని పాడినవాడును ఒక్కడే యగుట నాకు వింతగా తోపదు.

నేటి కాలమునకు వచ్చినచో నాకొక ఆక్షేపణ కలదు. స్వస్థత కూటముల ప్రకటన పత్రములు గోడలనిండ కనబడుచున్నవి. రోగము కుదురును, అప్పు తీరును, ఉద్యోగము వచ్చును. కుదరనివానికేమి చెప్పుదురు? నీ విశ్వాసము చాలదందురు. రోగముతోపాటు నేరమును మోపి ఇంటికి పంపుదురు. ఎలీఫజు ఇంతకంటె ఎక్కువ చేయలేదు. ఆసుపత్రికి పోవుట అవిశ్వాసమనువారు గుంటూరులో డాక్టరు అన్నా కుగ్లరు ఏమి చేసెనో తెలిసికొనవలెను. 1883లో వచ్చిన ఆ లూథరను మిషను వైద్యురాలు ప్రార్థనతో సరిపెట్టుకొనక ఆసుపత్రి కట్టించెను. 1898లో దాని ద్వారములు తెరచిరి. ఆదరణకు చేతులుండవలెనని ఆమెకు తెలియును.

2020, 2021 సంవత్సరములలో మహమ్మారి మన యిండ్లమీద పడినపుడు ఆదరణ కూటములు సైతము లేకపోయెను. గుడి తలుపులు మూసిరి. తండ్రి ముఖమును కడసారి చూడలేనివారు, టెలిఫోనులోనే కీర్తన విని ఏడ్చినవారు ఎందరో. పక్కన కూర్చుండు మనుష్యుడు లేనపుడే ఆ కూర్చుండుట యెంతటిదో తెలిసివచ్చెను. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పుస్తకమున పురుషోత్తమ చౌదరి మొదలగు భక్తులు రాగతాళములు కూర్చిన పాటలున్నవి. చౌదరి 1803లో పుట్టి 1890 వరకు జీవించెను. ఆ పాటలు ఒంటరిగా పాడుకొనుటకంటె పదిమంది కలిసి, కొంత శ్రుతి తప్పియైనను, పాడుటకే పుట్టినవి. గొంతు పెగలనివాని వంతు పక్కవాడు పాడును.

ఉపాధ్యాయులకు ఈ సంగతి మరింత దగ్గరిది. తండ్రి పోయిన పిల్లవాడు పదునైదు దినముల తరువాత తరగతికి వచ్చి వెనుక బల్లమీద కూర్చుండును. తప్పిన పాఠములు వ్రాసికొనుటకు తోడి విద్యార్థి నోటుపుస్తకమిచ్చి, విరామ సమయమున వానితో బయటకు నడచిన ఉపాధ్యాయుడు వానికి వేదాంతము చెప్పనక్కరలేదు. వాడు ఏదేని అడిగిన నాడు, తనకు తెలియని కారణమును కల్పించి చెప్పకున్నచో అంతకంటె మేలు లేదు.

ఆదరణ కూటములలో 23వ కీర్తన చదువుదురు. యోహాను సువార్త 14వ అధ్యాయము చదువుదురు. రెండును చదువదగినవే. 88వ కీర్తన చదువగా నేను ఎక్కడను వినలేదు. పాదిరిగారలు ఎవరైన ఒక పర్యాయము దానిని కూడ చదివి, వ్యాఖ్యానమేమియు చేయక, కొంతసేపు ఊరకుండిన బాగుండునని నా కోరిక. ఆ మూల చాపమీద కొంగు నోటికడ్డము పెట్టుకొని కూర్చున్న ఆమె, తన మాట ఆ గ్రంథములో నెవరు వ్రాసిరా యని తల యెత్తి చూడవచ్చును.